బొగ్గు గని నీళ్లు వాగులో, నదిలో కలిస్తే? తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి బొగ్గు పట్టీలో ఉండేవాళ్లు, ఈశాన్యంలో నీలంగా మారిన నది వీడియో చూసినవాళ్లు మళ్లీ మళ్లీ ఇవే సందేహాలు అడుగుతున్నారు. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాం. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. ఉదాహరణలు ఎక్కువగా మేఘాలయలోని జయంతియా కొండల నుంచి, తెలంగాణలోని గోదావరి లోయ నుంచి తీసుకున్నాం. రెండు చోట్లా తవ్వేది బొగ్గే అయినా నీటికి జరిగే నష్టం వేరు. చాలా గొడవలు ఈ తేడా తెలియకే వస్తున్నాయి.

## గని నీళ్లంటే ఏవి

గనిలోంచి అన్ని నీళ్లు ఎందుకు వస్తాయి? బొగ్గు కడిగిన నీళ్లా అవి?

ఎక్కువ భాగం కాదు. బొగ్గు పొర సాధారణంగా భూగర్భజల మట్టం కంటే కిందే ఉంటుంది. తవ్విన చోటల్లా చుట్టుపక్కల రాతి పొరల్లోని నీరు ఊటలా గనిలోకి దిగుతుంది. ఓపెన్ కాస్టయితే, అంటే పైనుంచి తెరిచి తవ్వే గనయితే, దానికి వాన నీరు తోడు. తోడెయ్యకపోతే పని సాగదు కాబట్టి సంపులోకి చేర్చి పంపులతో బయటికి పోస్తారు. అయితే వాగులోకి వచ్చేది ఈ ఒక్క నీరే కాదు. బొగ్గు పైనుంచి తవ్వి పోసిన మట్టి, రాళ్ల గుట్టల (ఓబీ గుట్టల) మీద పడి జారిన వాన ఉంటుంది. బొగ్గు నిల్వ యార్డు నుంచి పారే నల్ల నీరు ఉంటుంది. వాషరీ ఉంటే బొగ్గు కడిగిన నీరు, డంపర్లు కడిగే వర్క్‌షాపు ఉంటే ఆయిల్ నీరు కూడా చేరతాయి. ఒక్కోదానితో ఒక్కో రకం నష్టం. ఊరికే "గని నీళ్లు వదిలారు" అంటే అవతలివాళ్లు వీటిలో అన్నిటికన్నా శుభ్రమైన నీటి రిపోర్టు చూపించి పంపేస్తారు. ఏ కాలువ ఎక్కడి నుంచి వస్తోందో ముందు చూసుకోవాలి.

బొగ్గు నల్లగా ఉంటుంది కదా, మరి వాగు ఎర్రగా ఎందుకు పారుతోంది?

ఆ రంగు బొగ్గుది కాదు, ఇనుముది. బొగ్గులోనూ దాని పైనా కిందా ఉండే రాతిలోనూ పైరైట్ అనే ఖనిజం ఉండొచ్చు. ఇనుము, గంధకం కలిసిన ఈ ఖనిజం పసుపుపచ్చగా బంగారంలా మెరుస్తుంది. భూమి లోపల గాలి తగలనంత కాలం దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. తవ్వి పైకి తెచ్చాక గాలి, నీరు రెండూ తగిలి విడిపోతుంది. గంధకం సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుతుంది, ఇనుము నీటిలో కరుగుతుంది. ఆ నీరు వాగులో చేరి మంచి నీటితో కలిశాక ఇనుము తుప్పులా మారి రాళ్లకు, ఇసుకకు పట్టేస్తుంది. నారింజ, ఎరుపు రంగు అలా వస్తుంది.

ఇందులో బ్యాక్టీరియా పాత్ర కూడా పెద్దదే. ఆమ్లంలోనే హాయిగా బతికే కొన్ని సూక్ష్మజీవులు ఇనుము మారే వేగాన్ని లక్షల రెట్లు పెంచుతాయి. అలా మారిన ఇనుము తిరిగి పైరైట్ మీద పనిచేసి ఇంకా ఆమ్లం పుట్టిస్తుంది. అందుకే ఒకసారి మొదలైతే ఆపడం కష్టం.

పీహెచ్ 4 అంటే మామూలు నీటికి దగ్గరే కదా? ఎందుకంత గోల?

దగ్గర కాదు. పీహెచ్ కొలతలో ఒక్క అంకె తగ్గితే ఆమ్లం పది రెట్లు పెరిగినట్టు. 7 నుంచి 4కి దిగిందంటే వెయ్యి రెట్లు. నిమ్మరసం పీహెచ్ 2కి కాస్త అటూ ఇటూ ఉంటుంది. తాగునీటికి మన దేశ ప్రమాణం 6.5 నుంచి 8.5 మధ్య. జయంతియా కొండల్లో గనుల దగ్గరి వాగుల్లో పీహెచ్ 3, 4 దాకా పడిపోయినట్టు పరిశోధకులు నమోదు చేశారు.

మేఘాలయ బొగ్గుకూ సింగరేణి బొగ్గుకూ అంత తేడా ఉందా?

ఉంది, నదులకు సంబంధించినంత వరకు అసలు విషయం ఇదే.

గోదావరి లోయ బొగ్గు చాలా పురాతనమైన గోండ్వానా కాలం నాటిది. నదులు, చిత్తడి అడవులు ఉన్న పల్లపు నేలల్లో మంచినీటి కింద పేరుకున్న చెట్టూచేమా నుంచి పుట్టింది. మంచినీటిలో సల్ఫేట్ (గంధకం ఉన్న లవణం) తక్కువ కాబట్టి ఆ బొగ్గులో గంధకం కూడా తక్కువే, మామూలుగా 1 శాతం లోపే ఉంటుంది. మేఘాలయ బొగ్గు దాని తర్వాత ఎన్నో కోట్ల ఏళ్లకు, సముద్రం పక్కన పుట్టింది. సముద్రపు నీటిలో సల్ఫేట్ దండిగా ఉంటుంది. దాన్నుంచే పైరైట్ తయారై బొగ్గు పొరల్లో ఇమిడిపోయింది. అక్కడి బొగ్గులో గంధకం చాలాచోట్ల 3 శాతం దాటుతుంది.

ఫలితం నీటిలో కనిపిస్తుంది. జయంతియాలో గని నీరు ఆమ్లం. గోదావరి లోయలో పంపుతో తోడే నీరు సాధారణంగా తటస్థంగానో, కాస్త క్షారంగానో ఉంటుంది. మేఘాలయ వీడియో చూపించి "మన గోదావరీ రేపు ఇంతే" అనడం సరికాదు. అలాగని పీహెచ్ బాగుందన్న ఒక్క మాటతో ఇక్కడి నీటికి సర్టిఫికెట్ ఇవ్వడమూ సరికాదు. ఇక్కడ కొలవాల్సినవి వేరే ఉన్నాయి. మట్టి, బొగ్గు నుసి, కరిగిన లవణాలు, గట్టిదనం చూడాలి. పైరైట్ అన్నిచోట్లా ఒకేలా ఉండదు కాబట్టి ఏ పొరకు ఆ పొర పరీక్ష చేయించాల్సిందే.

## గని నడుస్తున్నప్పుడు

మా దగ్గర ఆమ్లం లేదంటున్నారు. అయితే వాగుకు ప్రమాదం లేనట్టేనా?

ఉంది. ఓపెన్ కాస్టులో ఒక టన్ను బొగ్గు తియ్యాలంటే దాని పైనున్న మట్టి, రాయి అంతకు కొన్ని రెట్లు తవ్వి పక్కన పోస్తారు. ఓబీ గుట్టలంటే అవే. చెట్లు పట్టని కొత్త గుట్ట మీద గట్టి వాన పడితే మట్టి పాయలు పాయలుగా వాగులోకి దిగుతుంది. వాగు అడుగున గులకరాళ్ల సందులు పూడిపోతాయి. చాలా చేపలకు గుడ్లు పెట్టే చోటూ అదే, వాటికి తిండయ్యే పురుగులు దాక్కునే చోటూ అదే. నీరు మసకబారితే వెలుతురు దిగక నాచు, నీటి మొక్కలు తగ్గిపోతాయి.

కరిగి ఉండేవి కంటికి కనపడవు. రాళ్లలోని కాల్షియం, మెగ్నీషియం, సల్ఫేట్ నీటిలోకి చేరి గట్టిదనం పెరుగుతుంది. బ్లాస్టింగులో వాడే మందులో అమ్మోనియం నైట్రేట్ ఉంటుంది. పేలకుండా మిగిలిన భాగం నీటిలో కరిగి నైట్రేట్‌గా బయటికొస్తుంది.

గని నుంచి వదిలే నీటికి రూలేమైనా ఉందా?

ఉంది. బొగ్గు గనుల కోసం కేంద్ర పర్యావరణ శాఖ 2000 సంవత్సరంలో ప్రత్యేకంగా ప్రమాణాలు నోటిఫై చేసింది. పీహెచ్ 5.5 నుంచి 9.0 మధ్య ఉండాలి. లీటరుకు తేలియాడే ఘనపదార్థం 100 మిల్లీగ్రాములు, ఆయిల్, గ్రీజు 10 మిల్లీగ్రాములు, నైట్రేట్ నైట్రోజన్ 10 మిల్లీగ్రాములు దాటకూడదు. సాగుకోసం నేల మీదికి వదిలే నీటికి ఘనపదార్థం 200 వరకు ఒప్పుకుంటారు. ఇవి గని గేటు దగ్గర బయటికొచ్చే నీటికి పెట్టిన హద్దులు. ఆ నీరు తాగొచ్చని గానీ, దాన్ని అందుకునే చిన్న వాగు తట్టుకోగలదని గానీ వీటి అర్థం కాదు. ఎండాకాలం వాగులో పారేదంతా గని నీరే అయిన చోట ఈ తేడా బాగా తెలుస్తుంది.

సెటిలింగ్ పాండు కట్టారు. అయినా వానాకాలం నల్ల నీళ్లెందుకు వస్తున్నాయి?

చెరువులో నీరు కాసేపు నిలబడితేనే నుసి అడుక్కి దిగుతుంది. వానాకాలంలో ఒక్కసారిగా వచ్చే ప్రవాహానికి ఆ వ్యవధి ఉండదు, ఇటు నుంచి వచ్చింది అటు పోతుంది. పోయిన ఏడాది పూడిక తియ్యకపోతే లోతు తగ్గి ఇంకా తొందరగా పొంగుతుంది. సన్నటి బంకమట్టి, బొగ్గు నుసి అయితే ఎంతసేపు నిలబెట్టినా దిగవు, వాటికి పటికలాంటిది కలపాలి. మీరు అడగాల్సినవి మూడు ఉన్నాయి. పాండు ఎంత వానకు లెక్కేసి కట్టారు? చివరిసారి పూడిక ఎప్పుడు తీశారు? ఓబీ గుట్ట చుట్టూ తవ్విన గార్లండ్ డ్రెయిన్ నీరు పాండులోకే పోతోందా, నేరుగా వాగులోకి పోతోందా? మూడోదానికి జవాబు చాలాసార్లు వానలో నడిచి చూస్తేనే దొరుకుతుంది.

వాగులో నీళ్లు అద్దంలా తేటగా ఉన్నాయి. ఇంకా కలుషితం అంటారేంటి?

తేటదనాన్ని అసలు నమ్మొద్దు. ఆమ్లం ఎక్కువైన నీటిలో నాచు బతకదు. సన్నటి మట్టి కణాలు కూడా ఒకదానికొకటి అంటుకుని అడుక్కి పోతాయి. అడుగునున్న ప్రతి రాయీ కనిపించేంత తేటగా తయారవుతుంది. ఆ రాళ్ల మీద జారుడుగా పాకుడు గానీ, నీటిలో చిన్న చేపపిల్ల గానీ కనబడకపోతే అనుమానించాలి.

లూఖా నది నీలంగా ఎందుకు మారింది?

లూఖా మేఘాలయలోని తూర్పు జయంతియా కొండల్లో పారి బంగ్లాదేశ్ వైపు వెళ్లే నది. 2007 ప్రాంతం నుంచి చలికాలంలో నీలంగా మారడం, చేపలు చచ్చి తేలడం వార్తలకెక్కింది. బొగ్గు తవ్వే ప్రాంతం నుంచి ఆమ్ల నీటిని లూనార్ అనే ఉపనది తెచ్చి ఇందులో కలుపుతుంది. ఆమ్లం రాళ్లలోని అల్యూమినియాన్ని కరిగించి తెస్తుంది. అది సున్నపురాతి నేల మీదుగా వచ్చే నీటితో కలిసి ఆమ్లం తగ్గగానే కంటికి కనపడనంత సన్నటి రేణువులుగా విడిపోతుంది. ఇలాంటి రేణువులు వెలుతురులోని నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయి. వానాకాలం మట్టి నీటిలో ఇది కనపడదు. ప్రవాహం సన్నబడే చలికాలంలోనే బయటపడుతుంది. ఆ ప్రాంతంలో సిమెంట్ ఫ్యాక్టరీలు కూడా ఉన్నాయి, వాటి పాత్ర మీదా వాదనలు నడిచాయి. టూరిస్టులు ఆ నీలం చూసి ఫొటోలు దిగుతారు.

తొలకరి వానకే చేపలు చచ్చి తేలుతున్నాయి. వాన వస్తే నీరు పలచబడాలి కదా?

వాన మొదటి పూట జరిగేది దానికి వ్యతిరేకం. ఎండాకాలమంతా గుట్టల మీద, గని గోడల మీద, బొగ్గు కుప్పల మీద తడి ఆరిపోయి తెల్లటి, పసుప్పచ్చటి ఉప్పులా పొడి పేరుకుంటుంది. అది ఎండిన ఆమ్లం, లోహ లవణాలు. తొలకరి జల్లుకు నెలల తరబడి పేరుకున్నదంతా ఒక్కసారిగా కరిగి, అప్పటికింకా సన్నగా పారుతున్న వాగులోకి దిగుతుంది. రెండు మూడు గట్టి వానలయ్యాక తీవ్రత తగ్గుతుంది.

అయితే తొలకరిలో చేపలు చావడానికి గని ఒక్కటే కారణం అనుకోకండి. ఊరి మురుగు, కుళ్లిన ఆకు కొట్టుకొచ్చి ఆక్సిజన్ తగ్గినా చస్తాయి. ఆరోజే పీహెచ్, ఆక్సిజన్ కొలిస్తేనే తేలుతుంది. మర్నాటికి సాక్ష్యం కొట్టుకుపోతుంది.

నది మీద బూడిద తెట్టె తేలుతోంది. అదీ గని నీళ్లేనా?

చాలా వరకు కాదు. బూడిద వచ్చేది బొగ్గు కాల్చే చోటు నుంచి, అంటే థర్మల్ ప్లాంటు బూడిద చెరువు నుంచి. మన బొగ్గు పట్టీలో గని, ప్లాంటు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి కలిపి మాట్లాడేస్తుంటాం. రెండింటికీ అనుమతులు వేరు, పరీక్షలూ వేరు. ఫిర్యాదు తప్పు చోటికి పోతే నెలలు వృథా.

## నదిలో బతికే ప్రాణుల సంగతి

చేపలు ఎలా చనిపోతాయి? విషం తాగినట్టా?

దెబ్బ ముందుగా మొప్పల మీద పడుతుంది. చేప మొప్పలతో ఊపిరి తీసుకోవడమే కాదు, ఒంట్లో ఉప్పు సమతూకాన్నీ వాటితోనే కాపాడుకుంటుంది. నీటి పీహెచ్ 5 కంటే తగ్గేసరికి చాలా చేపల ఒంట్లోంచి సోడియం బయటికి కారిపోతుంది, తిరిగి తీసుకోలేవు. పీహెచ్ 5 నుంచి 5.5 దగ్గర, అంటే మరీ ఘోరంగా లేదనిపించే చోట, అల్యూమినియం మొప్పల మీద పేరుకుని ఊపిరాడనివ్వదు. కరిగిన ఇనుము కూడా తుప్పుగా మారి మొప్పలకు పడుతుంది. పెద్ద చేప ఈదుకుంటూ తప్పించుకోగలిగినా గుడ్లు, పిల్లలు ఉన్నచోటే పోతాయి. అందుకే చచ్చిన చేప ఒక్కటీ తేలకుండానే నాలుగైదేళ్లలో వాగు ఖాళీ అయిపోవచ్చు. చేపలు పట్టేవాళ్లు దీన్ని అందరికన్నా ముందు కనిపెడతారు, ఎందుకంటే చిన్న సైజు చేప వలలో పడటం మానేస్తుంది.

మా వాగులో కొర్రమీను బాగానే దొరుకుతోంది. అంటే నీళ్లు బాగున్నట్టే కదా?

కొర్రమీను సాక్ష్యం చెల్లదు. అది పైకొచ్చి గాలి పీల్చుకోగలదు, ఇతర చేపలు ఉండలేని మురికి నీటిలోనూ నెట్టుకొస్తుంది. నీరు ఎలా ఉందో చెప్పేవి రాళ్ల కింద ఉండే పురుగులు. పారే నీటిలో నాలుగు రాళ్లు తిరగేసి చూడండి. తోకలా రెండు మూడు పోగులున్న మేఫ్లై పిల్లలు, ఇసుక రేణువులతో గూడు కట్టుకునే క్యాడిస్ పురుగులు, నత్తలు కనిపిస్తే నీరు ఒకమాదిరి బాగున్నట్టే. నత్తలకు గుల్ల కట్టుకోవడానికి కాల్షియం కావాలి కాబట్టి ఆమ్ల నీటిలో ముందుగా అవే మాయమవుతాయి. సన్నటి ఎర్ర పురుగులు తప్ప ఇంకేమీ లేకపోతే వాగు దెబ్బతిన్నట్టు. అవి దేన్నైనా తట్టుకుంటాయి. ల్యాబ్ రిపోర్టు ఆ నిమిషానిది మాత్రమే. పురుగులు గడిచిన కొన్ని నెలల సంగతి చెబుతాయి.

కొంత దూరం పారాక నది తనంతట తానే బాగుపడుతుంది కదా?

కొంతవరకు అవును. మంచి వాగులు వచ్చి కలుస్తాయి, దారిలో సున్నపురాయి ఉంటే ఆమ్లాన్ని విరిచేస్తుంది. కానీ నీటిలోంచి పోయిన లోహం గాల్లో కలిసిపోదు, అడుగు మట్టిలోకి దిగుతుంది. మట్టిని తిని బతికే పురుగుల్లోకి, వాటిని తినే చేపల్లోకి చేరే దారి అక్కడే ఉంటుంది. మళ్లీ ఎప్పుడైనా ఆమ్ల నీరు వస్తే అదే లోహం తిరిగి కరుగుతుంది. సల్ఫేట్ అయితే అసలు దిగదు, సముద్రం దాకా నీటితోనే పోతుంది. అందుకే ఎంత దూరం కిందికి గని నీరు చేరిందో పట్టుకోవడానికి సల్ఫేట్ మంచి ఆనవాలు.

కోపిలి నదిలో ఆమ్లం వల్ల కరెంటు ప్రాజెక్టు దెబ్బతిన్నదంటారు, నిజమేనా?

నిజమే. కోపిలి మేఘాలయ, అస్సాం సరిహద్దు మీదుగా వచ్చి బ్రహ్మపుత్రలో కలుస్తుంది. దాని మీద నీప్‌కో సంస్థ జలవిద్యుత్ కేంద్రాలున్నాయి. ఎగువ బొగ్గు గనుల ఆమ్లం రిజర్వాయరులో చేరి టర్బైన్ భాగాలను, పైపులను, గేట్లను తినేసింది. మామూలు ఉక్కు ఆ నీటికి ఆగక భాగాలు పదే పదే మార్చాల్సి వచ్చింది. అస్సాంలోని దిమా హసావో జిల్లా విద్యార్థి సంఘం, కోపిలి పాడవుతోందని చెబుతూ పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లింది. మేఘాలయలో ఎలుక బొరియల్లాంటి సన్నటి సొరంగాల గనుల మీద 2014 ఏప్రిల్ 17న వచ్చిన నిషేధం ఆ కేసులోదే. అంటే నిషేధం తెచ్చినవాళ్లు గనుల ఊళ్లవాళ్లు కాదు, దిగువన ఉన్న నదివాళ్లు.

## ఇంట్లో, పొలంలో

గని నీళ్లు శుద్ధిచేసి ఊళ్లకు ఇస్తున్నారు. తాగొచ్చా?

గోదావరి లోయలాంటి చోట, సరిగ్గా శుద్ధిచేసి, క్రమంగా పరీక్షిస్తే వాడుకోవచ్చు. నీటి కరువున్న ఊళ్లలో చెరువులు నింపడానికీ ఇది పనికొస్తుంది. వృథాగా పోనివ్వడం కంటే మేలే. అయితే ఇసుక ఫిల్టరు మట్టిని ఆపుతుంది, కరిగిన లవణాన్ని ఆపదు. రిపోర్టులో ఇవి చూడండి. మన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు సల్ఫేట్ 200 మిల్లీగ్రాములు, మొత్తం గట్టిదనం 200, కరిగిన ఘనపదార్థం 500 లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట మాత్రం వరుసగా 400, 600, 2000 వరకు ఒప్పుకుంటారు. సల్ఫేట్ ఎక్కువైతే కొత్తగా తాగేవాళ్లకు విరేచనాలవుతాయి. ఇనుము, మాంగనీస్ ఎక్కువైతే బట్టల మీద మరకలు, నోట్లో లోహపు రుచి. కాచితే క్రిములు చస్తాయి గానీ ఇవేవీ పోవు.

ఇంట్లో ఆర్ఓ పెట్టుకుంటే సరిపోతుందా?

లవణం వరకు పనిచేస్తుంది. ఇనుము ఎక్కువుంటే మెంబ్రేన్ తొందరగా పూడిపోతుంది, ముందు ఇనుము తీసే ఫిల్టరు పెట్టాలి. పశువులకు, వాగులో చేపలకు ఎవరూ ఆర్ఓ పెట్టరు.

పొలానికి పారించొచ్చా?

నీటి రకాన్ని బట్టి ఉంటుంది. తటస్థంగా ఉండి లవణం తక్కువున్న గని నీటితో వరి, పత్తి పండిస్తున్నవాళ్లున్నారు. ఆమ్ల నీరు పారిస్తే నేల పీహెచ్ పడిపోయి, నేలలోని అల్యూమినియం కరిగి వేళ్ల కొసలను మాడుస్తుంది. జయంతియా కొండల్లో వరి మడుల్లో జరిగింది ఇదే. బొగ్గు నుసి ఉన్న నీటిని వరదగా పెడితే నేల మీద పొర కట్టి గాలి ఆడదు. ఏటా ఎండాకాలంలో మట్టి పరీక్ష చేయించి పీహెచ్, ఈసీ (నేలలో లవణం ఎంతుందో చెప్పే కొలత) రాసి పెట్టుకుంటే, రేపు నష్టపరిహారం అడిగేటప్పుడు చేతిలో ఆధారం ఉంటుంది. ఒక్క ఏడాది కాగితంతో ఏదీ తేలదు.

మా బావి ఎండిపోయింది. అదీ గని వల్లేనా?

అయ్యుండొచ్చు. లోతైన గనిలోంచి నిత్యం నీరు తోడితే చుట్టుపక్కల మట్టం కిందికి జారుతుంది. ఎంత దూరం వరకు అనేది రాతి పొరలను బట్టి ఉంటుంది. గనుల చుట్టూ ఉన్న బావుల్లో నీటిమట్టం క్రమంగా కొలవాలన్నది పర్యావరణ అనుమతుల్లో సాధారణంగా పెట్టే షరతు. ఆ లెక్కలు అడగండి.

## గని మూసేశాక

గని మూతపడితే కాలుష్యం ఆగిపోతుంది కదా?

పైరైట్ ఉన్న చోట చాలాసార్లు అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. గని నడిచినన్నాళ్లూ పంపులు ఆడతాయి, నీరు లోపల నిలవదు. మూసి పంపు ఆపాక నీరు మెల్లగా పైకి ఎక్కుతూ, ఏళ్ల తరబడి గాలికి తెరుచుకుని ఉన్న గోడల మీది లవణాలన్నీ కరిగించుకుంటుంది. నిండాక ఏ పాత సొరంగం నోట్లోంచో, పగులులోంచో బయటికి తన్నుకొస్తుంది. మొదటి కొన్నేళ్లు ఆ నీరు చాలా చెడ్డగా ఉంటుంది. తర్వాత తగ్గుతూ వచ్చినా పూర్తిగా ఆగడానికి దశాబ్దాలు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే పడుతుంది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఎప్పుడో మూతపడిన గనుల నుంచి ఇప్పటికీ ఆమ్లం పారుతోంది. అక్కడ చాలాచోట్ల తవ్విన కంపెనీ కూడా మిగల్లేదు, ఖర్చు ప్రజల మీద పడింది. తెలంగాణలో పాత అండర్‌గ్రౌండ్ గనులు ఎన్నో మూతపడ్డాయి కాబట్టి, వాటిలో నిండే నీరు ఏమవుతోందని అడగాల్సిన సమయం ఇదే.

నిషేధం పెట్టాక మేఘాలయ నదులు బాగుపడ్డాయా?

వెంటనే కాదు. 2014 తర్వాత కూడా దొంగచాటుగా తవ్వకం నడిచింది. 2018 డిసెంబర్ 13న క్సాన్ దగ్గర గనిలోకి లైటైన్ నది నీరు చొరబడి కనీసం 15 మంది చిక్కుకుపోయాకే దేశమంతా దీని గురించి మాట్లాడింది. కొద్ది వారాలకే, 2019 జనవరిలో, ట్రైబ్యునల్ రాష్ట్ర ప్రభుత్వానికి 100 కోట్ల జరిమానా వేసింది. అదే ఏడాది జూలైలో సుప్రీంకోర్టు నిషేధాన్ని సమర్థిస్తూనే చట్టప్రకారం అనుమతులు తీసుకుని తవ్వుకోవచ్చని చెప్పింది. ఆ మధ్యలో, విడిచిపెట్టిన వేల గోతులు, రోడ్ల పక్కన పోసిన బొగ్గు కుప్పలు అలాగే ఉన్నాయి. వాటి మీద వాన పడినంతకాలం ఆమ్లం వస్తుంది. కోర్టు ఆర్డరు తవ్వకాన్ని ఆపుతుంది గానీ పైరైట్‌ను ఆపలేదు.

సున్నం వేస్తే ఆమ్లం విరిగిపోదా?

విరుగుతుంది. వేస్తూనే ఉండాలి, అదే చిక్కు. సున్నం కలిపితే పీహెచ్ పెరిగి ఇనుము, అల్యూమినియం బురదగా దిగుతాయి. ఆ బురదను తీసి భద్రంగా పోసే చోటు కావాలి. మాంగనీస్ ఇంత తేలిగ్గా దిగదు, పీహెచ్ 9 దాటించాలి. ఖర్చు తగ్గుతుందని కాలువలో సున్నపురాళ్లు పరిచేస్తే కొన్నాళ్లకే వాటి మీద తుప్పు పొర పట్టి పని మానేస్తాయి. అందుకని గాలి తగలకుండా పూడ్చిన సున్నపురాతి కాలువలు వాడతారు. వాటి తర్వాత జమ్ము, తుంగ పెంచిన చిత్తడి మడుల గుండా నీటిని నిదానంగా నడిపిస్తారు. అక్కడ ఇనుము దిగుతుంది. పేడ, కుళ్లిన ఆకు ఉన్న పొరల్లో కొన్ని బ్యాక్టీరియా సల్ఫేట్‌ను తిరిగి సల్ఫైడ్‌గా మార్చి లోహాలను పట్టేస్తాయి. దీనికి కరెంటు అక్కర్లేదు, స్థలం మాత్రం చాలా కావాలి.

అన్నిటికన్నా చవకైన పని తవ్వకానికి ముందే ఉంటుంది. పైరైట్ ఉన్న రాయిని గుర్తించి, విడిగా పెట్టి, గాలీ నీరూ తగలకుండా లోపలే పూడ్చడం.

అసలు కోలుకున్న నది ఒక్కటైనా ఉందా?

ఉంది. వేల్స్‌లోని పెలెన్నా చిన్న నది. మూతపడిన బొగ్గు గనుల ఇనుప నీటితో ఏళ్ల తరబడి నారింజ రంగులో పారింది. 1990ల్లో గని నీటి దారిలో వరుసగా చిత్తడి మడులు కట్టారు. ఇనుము తగ్గింది, ట్రౌట్ చేపలు తిరిగొచ్చాయి. మడులను ఇప్పటికీ చూసుకుంటూనే ఉండాలి.

## పరీక్షలు, కాగితాలు, ఫిర్యాదు

నీళ్లు నేనే పరీక్షించుకోవచ్చా?

తొలి అంచనాకు చాలు. పీహెచ్ స్ట్రిప్పులు, కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటరు ఆన్‌లైన్లో దొరుకుతాయి. గని కాలువ కలిసే చోటుకు ఎగువన ఒకటి, కాలువలో ఒకటి, దిగువన ఒకటి, ఇలా మూడు చోట్ల ఒకే పూట కొలవండి. ఎగువ రీడింగు లేకపోతే మిగతా రెండూ దేనికీ పనికిరావు, "వాగు మొదటి నుంచీ అంతే" అనేస్తారు. పీహెచ్ అక్కడికక్కడే చూడాలి, సీసాలో ఉంచితే మారిపోతుంది. తేదీ, టైము, వాన పడిందా లేదా, ఫోన్లో లొకేషన్‌తో ఫొటో పెట్టుకోండి. లోహాల పరీక్ష ఇంట్లో కాదు. గుర్తింపు ఉన్న ల్యాబ్ వాళ్లిచ్చిన సీసాలోనే, వాళ్లు చెప్పినట్టే పట్టాలి.

గని వాళ్ల రిపోర్టులు మాకు చూపిస్తారా?

చూపించాలి. పర్యావరణ అనుమతి ఉన్న ప్రతి ప్రాజెక్టూ ఏటా జూన్ 1, డిసెంబర్ 1 నాటికి షరతుల అమలు మీద రిపోర్టు ఇవ్వాలి, అది ప్రజలకు అందుబాటులో ఉండాలి. అనుమతి పత్రాలు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్లో ఉంటాయి. సెప్టెంబర్ 30 లోపు కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చే ఏడాది పర్యావరణ నివేదిక వేరే ఉంటుంది. దొరకకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. "కాలుష్యం వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఏదో ఒకటి ఇస్తారు. ఏ అవుట్‌లెట్, ఏ నెలలు, ఏ పరీక్షలు అన్నది విడివిడిగా రాయండి. సల్ఫేట్, గట్టిదనం పేరుపెట్టి అడగండి.

ఎన్జీటీకి (జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు) ఎప్పుడైనా వెళ్లొచ్చా?

గడువుంది. పర్యావరణ వివాదానికి కారణం మొదట తలెత్తిన రోజు నుంచి ఆరు నెలల్లో వెళ్లాలి. తగిన కారణం చూపిస్తే మరో 60 రోజుల వరకు ఒప్పుకుంటారు. నష్టపరిహారం, పునరుద్ధరణ కోరే పిటిషన్‌కు ఐదేళ్లు. తెలుగు రాష్ట్రాలకు దక్షిణ బెంచ్ చెన్నైలో ఉంది. దానికి ముందు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చి రసీదు తీసుకోండి. చేపలు చచ్చినట్టయితే మండలికి, మత్స్యశాఖకు అదే రోజు ఫోన్ చేసి, వాళ్లొచ్చేదాకా కొన్ని చేపల్ని ఐస్‌లో పెట్టి ఉంచండి. నీటి శాంపిల్ వాళ్లు పట్టేటప్పుడు ఊరివాళ్లు ఇద్దరు పక్కన నిలబడి, పంచనామాలో ఏ చోట పట్టారో రాయించి సంతకం పెట్టాలి.